లెక్కలోకి రాని పురుగులు

(న్యాల్‌కల్‌లో జరిగిన రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు ఇచ్చిన అంశం ‘ఎండు నేలల్లో కీటకాలు, మారుతున్న భూమి వాడకం’. కరపత్రం చూసి మా ఊరి పెద్దాయన ఒకరు నవ్వారు. “భూమే పోతున్నదిరా బిడ్డా అంటే పురుగుల ముచ్చట చెప్పబోతున్నవా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మేము శాస్త్రవేత్తలం కాదు, పదో తరగతితో బడి మానేసి నాగలి పట్టినవాళ్లం. అయినా ఈ ముచ్చట ఎందుకంటే, మన భూమిని తీసుకునే ముందు దాని మీద ఏమీ లేదని రాస్తారు. ఏమీ లేదని ఎట్లా రాయగలుగుతున్నారు? ఉన్నదాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి.

ఎడారి పురుగు అంటే మనకు గుర్తొచ్చేది మిడత. 2020లో, కరోనాతో ఊళ్లన్నీ మూతపడ్డ రోజుల్లో, మిడతల దండు రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్ర దాకా వచ్చింది. మన ఆదిలాబాద్ సరిహద్దులో కూడా మందు కొట్టే బండ్లు తయారుగా పెట్టుకున్నారు. ఆ దండు ఎక్కడ పుట్టింది? 2018లో అరేబియా ఎడారి మీద రెండు తుఫాన్లు వానలు కురిపించాయి. మనిషి తిరగని ఆ ఇసుకలో అది తరం మీద తరం పెరిగింది. ఖాళీ అనుకున్న చోటును ఎవరు చూస్తారు? రెండేండ్లకు ఇన్ని దేశాల పంటల మీదకు వచ్చి పడ్డాక అందరూ చూశారు.

ఖాళీ అనే మాటతోనే మన పేచీ. రాజస్థాన్‌లో జైసల్మేర్ పక్క ఊర్లలో ‘ఓరణ్’లు ఉంటాయి. దేవుడి పేరు మీద గొర్రెలకు, ఆవులకు, ఒంటెలకు వదిలిన భూములవి. దున్నరు, చెట్టు కొట్టరు. అక్కడ జమ్మి, రేగు, గడ్డి ఉంటాయి. గడ్డి మీద మిడతలు, పెండ పురుగులు ఉంటాయి. వాటిని ఏరుకొని తినే బట్టమేక పిట్ట ఉంటుంది. ఇన్ని ఉన్నా చాలా ఓరణ్‌లు రెవెన్యూ కాగితంలో బంజరు. బంజరే కదా అని సోలార్ కంపెనీలకు, గాలిమరలకు ఇచ్చారు. ఊరివాళ్లు పాదయాత్రలు చేశారు, కోర్టు మెట్లెక్కారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు అలాంటి దేవుని వనాలను సర్వే చేసి అడవిగా గుర్తించమని ఆ రాష్ట్రానికి చెప్పింది. బట్టమేక పిట్ట కోసమే అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. చుట్టూ సాగు తీరు మారింది. ఇప్పుడు ఆ పిట్ట కనబడటమే గగనం.

ఇక మన ఇంటి సంగతి. నిమ్జ్ పేరుతో న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 గ్రామాలు, 12,635 ఎకరాలు. 2016 జనవరిలో కేంద్రం తుది అనుమతి ఇచ్చింది. 2024 ఆగస్టు 28న కేంద్ర క్యాబినెట్ ఇందులోని 3,245 ఎకరాలకు 2,361 కోట్ల రూపాయలతో జహీరాబాద్ పారిశ్రామిక ప్రాంతం అని ఆమోదించింది. అదే ఏడాది డప్పూర్, వడ్డి, మల్గి గ్రామాల్లో సుమారు 2,000 ఎకరాలు ఫార్మాకు కావాలన్నారు. ఈ లెక్కలు మీకు కంఠతా వచ్చు. మళ్లీ చెప్పడం ఎందుకంటే, ఇన్ని ఎకరాల లెక్క ఉన్న కాగితాల్లో ఆ ఎకరాల మీద బతికేవాటి లెక్క ఏదీ అని అడగడానికి.

2013 భూసేకరణ చట్టంలో 10వ సెక్షన్ ఒకటుంది. నీటి వసతి ఉండి ఏడాదిలో ఒకటికి మించి పంటలు పండే భూమిని మామూలుగా తీసుకోరాదని దాని సారాంశం. మంచిదే. కానీ మన చేను సంగతి? ఒకే మడిలో జొన్న, కంది, పెసర, మినుము, బొబ్బర్లు, అనుములు, కొర్రలు, సామలు, నువ్వులు, పుంటికూర వేస్తాం. యాసంగిలో మంచు మీదనే శనగ, కుసుమ, అవిసె తీస్తాం. అయినా చట్టం కంటికి అది బహుళ పంటల భూమి కాదు. బోరు లేదు, కాలువ లేదు. ఆకాశం మీద ఆధారపడి పన్నెండు రకాలు పండించినవాడి కంటే, మోటరు పెట్టి రెండు పంటలు తీసినవాడిదే చట్టం దగ్గర పెద్ద చేను. ఆ రక్షణ కూడా ఎంత గట్టిదంటే, మన రాష్ట్రం చేసుకున్న సవరణతో పారిశ్రామిక కారిడార్ల వంటివాటికి సామాజిక ప్రభావ అంచనా నుంచి, ఆహార భద్రత అధ్యాయం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు.

మా చుట్టాల చేనుకు పంచనామా చేసిన రోజు మేము గట్టు మీద ఉన్నాం. చింతచెట్టు రాసుకున్నారు. రేకుల కొట్టం రాసుకున్నారు. కూలిపోయిన బావి కూడా రాసుకున్నారు. చింతచెట్టు కొమ్మకు పెద్ద తేనెపట్టు వేలాడుతున్నది. “సారూ, అదో?” అంటే, “అది నీదా?” అని అడిగారు. కాదు మరి. దాన్ని మేము పెంచలేదు. కానీ ఆ చుట్టుపక్కల కంది పూత మీద, కుసుమ పూత మీద తిరిగేవి ఆ తేనెటీగలే. ఎవరిదీ కానిదానికి ధర లేదు. ధర లేనిది కాగితం మీదికి రాదు. భూమి లేని కూలీల సంగతీ ఇంతే జరిగింది. జీవో 123 కింద భూమి కొంటే పట్టాదారుకు డబ్బు వస్తుంది, ఆ చేనులో కలుపు తీసి బతికే ఆమెకు ఏమొస్తుంది? మన ప్రాంతపు కూలీలు ఆ ప్రశ్నతో కోర్టుకు పోతేనే 2016 ఆగస్టు 3న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. మనుషులు కాబట్టి కోర్టుకు పోయి అడగగలిగారు. పురుగుల తరఫున మనమే అడగాలె.

పోయిన వానాకాలం మేము ఒక పని చేశాం. డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు, ముగ్గురు రైతులు కలిసి పురుగుల్ని లెక్కపెట్టడానికి పోయాం. సామాన్లు పెద్దగా ఏమీ లేవు. చాయ తాగే ప్లాస్టిక్ గ్లాసుల్ని అంచు నేలకు సమంగా వచ్చేటట్టు పాతి, సగం దాకా సబ్బు నీళ్లు పోశాం. నేల మీద పాకేవి అందులో పడతాయి. పసుపు రంగు పళ్లేల్లో కూడా సబ్బు నీళ్లే. పూవు అనుకొని ఎగిరేవి వాలతాయి. రాత్రికి రెండు కర్రల మధ్య తెల్ల పంచె కట్టి బల్బు పెట్టాం. చోట్లు నాలుగు: కలగలుపు పంటల చేను, పత్తి చేను, చెరుకు తోట, కడీలు పాతి కంచె వేసి వదిలేసిన భూమి.

కలగలుపు చేనులో పొద్దున గ్లాసులు తీస్తే నల్లటి నేల పెంకు పురుగులు, సాలీళ్లు, నాలుగైదు తీర్ల చీమలు. పళ్లెంలో కనీకనబడని కందిరీగ జాతులు. అవి మిరియం గింజంత కూడా లేవు. పత్తి చేనులో గ్లాసులు చాలామట్టుకు ఖాళీ, పసుపు పళ్లెం నిండా తెల్లదోమ. చెరుకులో ఒక తీరువే ఎక్కువ, రకాలు తక్కువ. ఇక కంచె వేసిన భూమి. మా అనుకోలు తప్పిందని ఒప్పుకోవాలి. అక్కడ పురుగులే ఉండవనుకున్నాం. దున్నకుండా వదిలేసినందుకు గడ్డి, గునుగు, తంగేడు పెరిగి సీతాకోకచిలుకలు, మిడతలు, తూనీగలు అన్ని చేన్ల కంటే ఎక్కువ ఉన్నాయి. జేసీబీ దిగి మొరం పోసిన మూల మాత్రం చీమ కూడా లేదు. అంటే బీడు పడితే పురుగు చావదు. నేల తోలు ఒలిస్తే చస్తుంది. ఆ తేడా మేము కళ్లతో చూశాం.

పంచె మీద వాలినవాటిలో మాకు పేరు తెలిసినవి ఒక చేతి వేళ్లకు సరిపోయాయి. యాభై ఏండ్లు దాటినవాళ్లం, అదే నేల మీద పుట్టినవాళ్లం. సిగ్గు అనిపించింది. మా నాయినమ్మ అయితే కనీసం ఇరవై పేర్లు చెప్పేది. ఇది శాస్త్రం అని మేము చెప్పడం లేదు. రెండు రాత్రుల పని అది. వాన పడ్డ తెల్లారి ఒక తీరు ఉంటుంది, పది రోజులు ఎండితే ఒక తీరు ఉంటుంది. ఏండ్ల తరబడి చేస్తేనే అది లెక్క.

ఇట్లాంటి లెక్క మామూలు మనుషులతో అవుతుందా అని అడిగేవాళ్లకు ఒక సంగతి. జర్మనీలో క్రెఫెల్ట్ అనే పట్టణంలో కీటకాల మీద ఇష్టంతో కూడిన ఒక సంఘం ఉంది. ఎక్కువమంది ఉద్యోగ శాస్త్రవేత్తలు కారు. 1989 నుంచి రక్షిత ప్రాంతాల్లో గుడారం లాంటి వలలు కట్టి, పడ్డ పురుగుల్ని సీసాల్లో పోసి తూకం వేస్తూ పోయారు. 27 ఏండ్ల తూకాలు కలిపి 2017లో చూస్తే, ఎగిరే పురుగుల బరువు నాలుగింట మూడు వంతులు తగ్గింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. వాళ్లు చేసింది కట్టిన వల విప్పకపోవడం, రాసిన పుస్తకం పారేయకపోవడం.

మరి ఈ పురుగులు ఉంటే మనకేమిటి? మొదట చెదలు. చెద అంటే మనకు దూలం తినేదే గుర్తుకొస్తుంది. బుర్కినా ఫాసో అని ఆఫ్రికాలో సహారా ఎడారి అంచున ఒక దేశం. అక్కడ యాకూబా సవాడోగో అనే రైతు, గడ్డపార దిగని గట్టి నేలలో గుంటలు తీసి పెండ, చెత్త వేసేవాడు. పెండ వాసనకు చెదలు వచ్చి నేలను తొలుస్తాయి. వానొస్తే ఆ తొర్రల్లోంచి నీళ్లు లోపలికి ఇంకుతాయి. జొన్న, సజ్జ మొలుస్తాయి. చెదల్ని పనికి పిలిచిన రైతు అతను. 2018లో ఆయనకు ‘రైట్ లైవ్లీహుడ్’ అవార్డు ఇచ్చారు. ఆస్ట్రేలియాలో పొడి నేలల గోధుమ మీద 2011లో ఒక పరిశోధన అచ్చయింది. చీమలు, చెదలు ఉన్న మడుల్లో, మందుతో వాటిని చంపిన మడుల కంటే 36 శాతం ఎక్కువ దిగుబడి వచ్చింది. తడి నేలలో వానపాము చేసే పనిని ఎండు నేలలో ఇవి చేస్తాయి. మన ఎర్ర చెల్కలో మొదటి వానకు నీళ్లు పారిపోకుండా ఆపేది ఎవరనుకున్నారు? పెండ పురుగు కూడా అంతే. గొడ్డు పెండ వేసిన గంటలో ఉండలు చేసి భూమిలోకి దించుతుంది. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాక ఆ పురుగుకు పెండ ఏది?

కంది పూత మీద తేనెటీగలు తిరిగితే కాయ నిండుగా పడుతుందని పెద్దలు అంటారు. గడ్డినువ్వుల సంగతి ఇంకా కచ్చితం. ఒక మొక్క పుప్పొడి దానికే పనికిరాదు, ఈగో తేనెటీగో పక్క మొక్కది మోసుకొస్తేనే గింజ. గడ్డినువ్వులు మన చేన్ల అంచుల్లోంచి ఎందుకు మాయమయ్యాయో ఎవరైనా ఆలోచించారా? ధర లేక అంటారు. సగం నిజం. ఇంకో సగం తేనెటీగలను అడగాలె.

పురుగుని తినే పురుగుల ముచ్చట పత్తి రైతులకు చెప్పాలి. 2002లో బీటీ పత్తి వచ్చింది. మొదటి ఏండ్లలో శనగపచ్చ పురుగు తగ్గిన మాట నిజం, కాదనం. మందు ఖర్చు తగ్గిందని మేమూ సంబరపడ్డాం. ఆ తర్వాత పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడిందని 2010లో గుజరాత్ నుంచి కంపెనీయే ఒప్పుకుంది. ఇందులో పిండినల్లి కథ వినండి. బయటి దేశం నుంచి వచ్చిన పురుగు, మూడు నాలుగేండ్లు పత్తి రైతుల్ని ఏడిపించింది. ఏ మందుకూ లొంగలేదు, ఒంటి మీద మైనం పూత. 2008లో చూస్తే ఒక చిన్న కందిరీగ దాని ఒంట్లో గుడ్లు పెట్టి చంపుతున్నది. ఎవరూ ప్రయోగశాలలో పెంచి వదల్లేదు. దానికి శాస్త్రవేత్తలు పేరు పెట్టింది కూడా 2009లోనే. పేరు లేని పురుగు వచ్చి పని చేసిపెట్టింది. మందు ఎక్కువ కొట్టిన చేన్లలో పిండినల్లి కంటే ముందు చచ్చింది అదే.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఫ్యాక్టరీ వచ్చి పురుగుల్ని చంపుతుందని ఉపన్యాసం ఇచ్చి, ఇంటికి పోయి గడ్డి మందు డబ్బా భుజాన వేసుకుంటే కుదరదు. జొన్న చేనులో గునుగు కలుపే. కానీ దాని పూత మీద వానాకాలం పొడుగునా ఈగలు, తేనెటీగలు బతికేవి. ఇప్పుడు బతుకమ్మకు గునుగు పువ్వు జహీరాబాద్ అంగట్లో కట్టకు ఇంత అని కొనుక్కొస్తున్నాం. మన ఆడపిల్లలు గట్ల మీద కోసుకొచ్చే పువ్వు అది. కంది మీద పచ్చపురుగు పడితే చెట్టు దులిపి, కింద చీర పరిచి, పడ్డ పురుగుల్ని కోళ్లకు వేసిన చేతులే ఇవి. కూలీ ఖర్చు పెరిగింది నిజమే. మందు ఖర్చు మాత్రం తగ్గిందా?

ఫార్మా గురించి ఒక్క మాట, ఎక్కువ అవసరం లేదు. మన మంజీర ఇక్కడ దాటి సింగూరుకు పోతుంది, ఆ నీళ్లు తాగేవాళ్లు లక్షల మంది. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఏమైందో మన కండ్ల ముందున్నది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే యాంటీబయాటిక్ మందు ఊహకందనంత మోతాదులో ఉందని తేల్చారు. తూనీగ పిల్ల నీళ్లలో పెరిగి దోమ పిల్లల్ని తింటుంది. ఏ వాగు మీద తూనీగలు లేవో ఆ నీళ్లు గొడ్డుకు తాపకుండ్రి.

ఇప్పుడు పని సంగతి. 2002 జీవ వైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవ వైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవ వైవిధ్య రిజిస్టర్ ఉండాలి. చాలా ఊర్లలో అది కాగితం మీద ఉన్నది. మన ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారో సర్పంచిని అడిగితే సర్పంచే మనల్ని అడుగుతాడు. ఆ రిజిస్టర్ బయటికి తీయించాలి. అందులో మన ఊరి పురుగులు ఎక్కాలి. తెలిసిన పేరుతో, తెలియనివాటికి ఫోటోతో, ఏ సర్వే నంబరులో, ఏ పంట మీద, ఏ కార్తెలో కనబడిందో రాయాలి. గ్రామసభ తీర్మానంతో. రేపు పర్యావరణ నివేదిక పట్టుకొని వచ్చి ‘ఇక్కడ చెప్పుకోదగ్గ జీవజాలం లేదు’ అన్నప్పుడు, ప్రజాభిప్రాయ సేకరణలో ఉపన్యాసం కంటే ఆ పుస్తకం బల్ల మీద పెట్టడం నయం.

ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. పస్తాపూర్ చుట్టుపక్కల సంఘం అక్కలు చదువు లేకుండానే ఏ విత్తనం ఏ ఇంట్లో ఉందో లెక్క పెట్టారు, పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పారు. మాచ్నూరులో 2008లో రేడియో పెట్టి తమ మాట తామే చెప్పుకున్నారు. విత్తనానికి చేసినవాళ్లకు పురుగు ఎంత? నిజానికి మా పంచె మీద వాలిన పురుగుల్లో ఎక్కువ పేర్లు చెప్పింది కూడా మాతో వచ్చిన ఒక అక్కే. ఈ పని మగవాళ్లకే వదిలేస్తే నెలలోనే ఆగిపోతుంది, ముందే చెప్తున్నాం.

ఏడాదికి మూడుసార్లు పెట్టుకుందాం. మొదటిది ఇప్పుడే, ఆరుద్ర కార్తెలో ఎర్ర మఖమలు ముద్దల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికి వచ్చినప్పుడు. దానికి ఎనిమిది కాళ్లు, సాలీడు వరసది, అసలు కీటకమే కాదని పిల్లలు చెప్పారు. అయినా రాద్దాం. నూనె కోసం ఏరి అమ్ముకోవడం మాత్రం మానండి. రెండోది బతుకమ్మ ముందర, గునుగు పూసినప్పుడు. మూడోది శూన్యం పండుగకు. ఆ రోజు ఎట్లాగూ ఇంటిల్లిపాదీ చేనుకు పోయి అంబలి, భజ్జి తింటాం, చేనంతా చల్లుతాం. తెల్లారి గ్లాసులు తీసి చూద్దాం.

ప్రతి ఊర్లో నాలుగు చోట్లు ఎంచుకోండి. ఒకటి కలగలుపు చేను, ఒకటి పత్తి లేదా చెరుకు, ఒకటి బీడు, ఒకటి నోటీసు వచ్చిన భూమి. ఏండ్లు మారినా ఆ చోట్లు మార్చవద్దు. మందు కొట్టిన తేదీ దాచకుండా రాయండి. ముంగి, మామిడ్గి, బర్దీపూర్ ఊర్ల పేర్లు ఇప్పటికే రాసుకున్నాం, మిగతావాళ్లు పోయే ముందర రాయించండి. గ్లాసులు, పసుపు పళ్లేలు సంఘం దగ్గర ఉన్నాయి. తెల్ల పంచె ఎవరి ఇంటిది వారే తెచ్చుకోవాలె. పోయినసారి మాది ఒకటి పురుగుల మరకలతో పాడైంది, ఇంట్లో ఇంకా మాటలు పడుతున్నాం.